చర్మవ్యాధులు: మీ ప్రశ్నలు, డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 34 ఏళ్లు. నిజామాబాద్‌లో బట్టల షాపులో పనిచేస్తాను. ముక్కు పక్కల, కనుబొమ్మల్లో, మీసం కింద ఎర్రబడి జిడ్డుగా పొట్టు రాలుతోంది. తలలో చుండ్రు. చలికాలంలో మరీ ఎక్కువ. పొడిబారిందని అమ్మ రోజూ రాత్రి తలకు నూనె పట్టిస్తుంది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గుతుంది, ఆపగానే మళ్లీ మొదలు. ఇది ఫంగస్ అని ఎవరో అనేసరికి నా భార్య నా తువ్వాలు వేరు పెట్టింది. పిల్లలకు అంటుకుంటుందా?

జవాబు: అంటుకోదు. ఆ తువ్వాలు మళ్లీ దండెం మీద అందరివాటితో పాటే వేయించండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది సెబోరిక్ డెర్మటైటిస్‌లా ఉంది, అంటే జిడ్డు ఎక్కువగా ఉండే చోట్ల చర్మం ఎర్రబడి పొట్టు రాలే సమస్య. దీనికి కారణమనే మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) మీ ఆవిడ చర్మం మీదా ఉంటుంది, నా చర్మం మీదా ఉంటుంది. దానికి కావలసిన కొవ్వును అది సొంతంగా తయారు చేసుకోలేదు. అందుకే నూనె గ్రంథులు ఎక్కువగా ఉండే తల, ముఖం, ఛాతీ మీద స్థిరపడుతుంది. మన చర్మపు జిడ్డును లైపేజ్ అనే ఎంజైముతో విరగ్గొట్టి, తనకు పనికొచ్చే సంతృప్త కొవ్వు ఆమ్లాలను తినేసి, ఓలియిక్ ఆమ్లం లాంటివి వదిలేస్తుంది. గొడవంతా ఆ మిగులుతోనే. కొందరి చర్మం దాన్ని పట్టించుకోదు, మీలాంటి వారి చర్మం ఎర్రబడి పొట్టు రాలుస్తుంది.

ల్యాబులో ఈ ఈస్ట్‌ను పెంచాలంటే ఆలివ్ నూనె లాంటిది వేస్తారు. పాపం, అమ్మగారు రోజూ రాత్రి మీ తలలో చేస్తున్నది అదే! కావాలంటే తలంటుకు గంట ముందు రాసి కడిగేయమనండి, రాత్రంతా ఉంచొద్దు.

కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు వాడండి. నురగను కనుబొమ్మలకు, మీసానికి కూడా పట్టించి (కళ్లలో పడకుండా) అయిదు నిమిషాలాగి కడగండి. చాలామంది పట్టించిన వెంటనే నీళ్లు పోసేసుకుని మందు పనిచేయలేదంటారు. తగ్గాక వారానికో, రెండు వారాలకో ఒకసారి చాలు. పూర్తిగా మానేస్తే ఈస్ట్ మళ్లీ పెరుగుతుంది, అది ఎటూ పోయేది కాదు.

ఇక ఆ ట్యూబు. దాని మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్ అని ఉందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలొస్తాయి. నాలుగు వారాలకూ తగ్గకపోయినా, మోచేతుల మీద కూడా మందంగా పొలుసులున్నా సోరియాసిస్ కావచ్చు. అప్పుడు చర్మవ్యాధి నిపుణుడికి చూపించండి. వెళ్లేటప్పుడు ట్యూబు పెట్టె పారేయకుండా వెంట తీసుకెళ్లండి.