థర్డ్ ఆఫీసర్‌గా ఓడ ఎక్కబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు వచ్చే నెల ఒక బల్క్ క్యారియర్‌లో, అంటే ఖనిజం లాంటి సరుకును గుట్టగా పోసి మోసే ఓడలో, థర్డ్ ఆఫీసర్‌గా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. నా తరువాత మన ఇంటి నుంచి ఓడను నడిపించే బ్రిడ్జి మీద నిలబడబోయేది నువ్వేనని తెలిసి గుండె ఉప్పొంగింది, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నీకు తెలిసినవాటిని తిరిగి బోధించను. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉదయమూ రాత్రీ వాచ్, అంటే బ్రిడ్జి మీది కాపలా, సాధారణంగా నీకే వస్తుంది. ఏ మాత్రం అనుమానం కలిగినా కెప్టెన్‌ను నిద్ర లేపు. నియమం ప్రకారం రోజుకు పది గంటల విశ్రాంతి ఉండాలి కానీ, రేవులో ఆ గంటలు ముక్కలవుతాయి; దొరికిన ముక్కను నిద్రకే వాడు.

నన్ను నిద్రపోనివ్వనిది వేరే విషయం. చాలా ఓడలలో ప్రాణరక్షణ సామగ్రి తనిఖీని థర్డ్ ఆఫీసర్‌కే అప్పగిస్తారు. టైటానిక్ మునిగిన తరువాత 1914లో దేశాలు కూర్చుని రాసుకున్న సోలాస్ అనే తొలి సముద్ర ప్రాణరక్షణ ఒప్పందం నుంచి నేటిదాకా పెరుగుతూ వచ్చిన నియమాలే నీ చేతికి వచ్చే ఆ తనిఖీ పట్టికలో ఉంటాయి. నా చేతికీ అది వచ్చింది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. వారం వారం డెక్ మీద నడుస్తూ, లైఫ్ రాఫ్ట్ అనే గాలితో ఉబ్బే తెప్ప ఉన్న తెల్లని డబ్బాను దూరం నుంచి చూసి, పట్టీలు బిగుతుగా ఉన్నాయనుకుని టిక్కు పెట్టి సంతకం చేసేవాణ్ణి.

ఆ డబ్బా కింద హైడ్రోస్టాటిక్ రిలీజ్ అనే చిన్న పరికరం ఉంటుంది. ఓడ మునిగినప్పుడు నాలుగు మీటర్ల లోతు దాటకముందే అది నీటి ఒత్తిడికి పట్టీని వదిలేస్తుంది. డబ్బా పైకి తేలుతుంది, ఓడ కిందికి పోతున్నకొద్దీ రాఫ్ట్‌ను ఓడకు కట్టి ఉంచే పెయింటర్ అనే తాడు లాగబడి రాఫ్ట్ ఉబ్బుతుంది. ఆ తరువాత రాఫ్ట్‌ను ఓడ తనతో లాక్కుపోకుండా తెగిపోవలసినది వీక్ లింక్ అనే సన్నని ముక్క. మా ఓడలో సర్వీసు నుంచి వచ్చిన రాఫ్ట్‌ను తిరిగి అమర్చినప్పుడు, పెయింటర్‌ను వీక్ లింక్‌కు కాక నేరుగా డెక్‌కున్న ఇనుప కొక్కేనికి షాకిల్ అనే ఇనుప కొలికితో బిగించారు. ఆ రోజు నేను పక్కనే నిలబడి ఉన్నాను. చూడలేదు.

మా ఓడ మోస్తున్న, తడిసిన ఇనుప ఖనిజపు పొడి కుదుపులకు బురదలా మారి ఒక పక్కకు జరగడంతో, ఒక చలి రాత్రి ఓడ ఒరగడం మొదలుపెట్టింది. లైఫ్ బోట్లు ఇరవై డిగ్రీల ఒరుగుదల వరకే దిగేలా తయారవుతాయి. అది దాటాక ఎత్తు పక్కన ఉన్న పడవ దిగలేదు. రెండో పడవలో అందరూ ఎక్కేలోగా అది కెరటానికి దూరంగా కొట్టుకుపోయింది. అయిదుగురం నీళ్లలో మిగిలాం. ఓడ మునిగిన కాసేపటికి మా రాఫ్ట్ పైకి వచ్చి ఉబ్బింది, దాని కప్పు మీది దీపం వెలిగింది. మేము దాని వైపు ఈదుతున్నాం, అందరికంటే ముందు డెక్ పనివాళ్ల పెద్ద బోసన్. ఆయన చెయ్యి వేసేలోపే ఆ దీపం నీళ్ల కిందికి వెళ్లిపోయింది. దీపం కిందికి పోతూ కాసేపు ఆకుపచ్చగా కనిపించడం నాకు ఇప్పటికీ కళ్లు మూస్తే కనిపిస్తుంది. పడవవాళ్లు తిరిగి వచ్చేసరికి నలుగురమే ఉన్నాం. నాకు ఆ ఓడలో పని నేర్పినది ఆ బోసనే. విచారణలో, ఒక సహచరుడు అంతకుముందు రేవు నుంచి ఇంటికి పంపిన ఫోటో బయటికి వచ్చింది. నవ్వుతూ నిలబడ్డ మా వెనుక ఆ షాకిల్ స్పష్టంగా ఉంది.

శిక్షణలో, చన్నీళ్లలో ఒంటిని కాపాడే ఇమ్మర్షన్ సూట్ తొడుక్కునే అభ్యాసాన్ని నువ్వు విసుక్కున్నావని విన్నాను. నాకు కోపం వచ్చింది తల్లీ. దాన్ని చీకట్లో కూడా రెండు నిమిషాల్లో తొడుక్కోగలగాలి. చన్నీళ్లలో పడితే మొదటి నిమిషం ఎగశ్వాస వస్తుంది. ఈదబోకుండా ముందు ఊపిరిని నిలబెట్టుకో. ఆ తరువాత వేళ్లు పనిచేసేది సుమారు పది నిమిషాలే కాబట్టి, ఈల, దీపం, తాడు ఏవి వాడాలన్నా అప్పుడే వాడు. మోకాళ్లు గుండెకు ముడుచుకో, మనుషులుంటే ఒకరినొకరు పట్టుకుని ఉండండి. రాఫ్ట్ ఎక్కగానే వాంతి రాకముందే మాత్ర వేసుకో. గాయపడని వాళ్లకు మొదటి రోజు నీళ్లు పంచవద్దు. ఎంత దాహమైనా సముద్రపు నీరు ఎవ్వరినీ తాగనివ్వవద్దు.

ఓడ ఎక్కిన మొదటి రోజే, సామాను సర్దుకోకముందే, టార్చి పట్టుకుని ప్రతి రాఫ్ట్ దగ్గరికీ వెళ్లి పెయింటర్‌ను డబ్బా నుంచి డెక్ దాకా చేత్తో తడుముతూ చూడు. ప్రతి వీక్ లింక్‌కూ ఫోటో తీసి నాకు పంపు. అవి వచ్చేదాకా నేను ఫోను పక్కనే కూర్చుని ఉంటాను.

ఇట్లు,
నీ మామయ్య