రెండు కొత్త మచ్చలు కనిపిస్తే ఎంఎస్ మందు పనిచేయనట్టేనా?

ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే మెదడు, వెన్నుపాములను దెబ్బతీసే నరాల జబ్బు) మందు మొదలైన ఎనిమిది నెలలకు మీ చెల్లెలి ఎమ్మారైలో రెండు కొత్త మచ్చలన్నారు. పోల్చింది మాత్రం మందుకు ముందు తీసిన స్కాన్‌తో. చిక్కంతా అక్కడే ఉందండీ. మందు పట్టుకోకముందే అవి వచ్చి ఉండొచ్చు. అందుకే 3-6 నెలల మధ్య ఒక స్కాన్ తీసి, తర్వాతివి దానితో పోలుస్తారు. ఇప్పటి స్కాన్‌నే ఇకపై పోలికకు ఆధారంగా పెట్టుకోవచ్చేమో న్యూరాలజిస్టును అడగండి; అంతవరకు మందు మాత్రం ఆపొద్దు.

గడోలినియం (స్కాన్‌లో నరానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు) పట్టి మెరిసే మచ్చ ఉంటే వేరే సంగతి. అది సాధారణంగా కొన్ని వారాల కిందటిదే, వెంటనే చూపించాలి.

వచ్చేసారి అదే మెషీన్‌లో, త్రీడీ ఫ్లెయిర్ (మచ్చలు బాగా కనబడే ఎమ్మారై పద్ధతి), 1 మి.మీ. మందం స్లైసులతో తీయమనండి. 5 మి.మీ. స్లైసుల్లో తల కాస్త వంగినా పాత మచ్చే కొత్తదిలా కనబడుతుంది. ఫిల్ములు చాలవు, డైకామ్ సీడీ (స్కాన్ అసలు డిజిటల్ ఫైళ్లున్నది) తీసుకెళ్లండి.

కొత్త మచ్చ లేకున్నా నడక మందగిస్తుంటే ఊరుకోకండి. 25 అడుగులకు ఎన్ని సెకన్లు పడుతోందో రాసిపెట్టి చూపించండి, వెన్నుపాము స్కాన్ గురించి అడగండి.