టైర్ సెన్సర్లు బయట మార్పిస్తే బ్యాటరీ వారంటీ పోతుందా?

ప్రశ్న: మా ఎలక్ట్రిక్ కారుకి ఏడేళ్లు. రెండు టైర్లలో ప్రెషర్ సెన్సర్లు పోయాయి, డాష్‌బోర్డు మీద పసుపు లైట్ ఆరట్లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో నాలుగూ మార్చాలి, ఒరిజినల్సే వెయ్యాలి, బయట వేయిస్తే బ్యాటరీ వారంటీ క్యాన్సిల్ అంటున్నారు. టైర్ల షాపు అతనేమో అవన్నీ ఎందుకండీ, ఆ లైటే రాకుండా చేసేస్తా అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు ఆ షాపు అతనికి వద్దని చెప్పెయ్యండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. సెన్సర్ దానంతట అది చచ్చిపోవడం వేరు, పనిచేసే వార్నింగ్‌ని ఒకరు కావాలని నోరు నొక్కెయ్యడం వేరు. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు కాబట్టి కొన్ని దేశాల్లో రూలు ఎలా ఉందో చెప్తా. అమెరికాలో అయితే వాహన భద్రతా చట్టం ప్రకారం రిపేర్ షాపు తెలిసి తెలిసి భద్రతా పరికరాన్ని పనిచెయ్యకుండా చేస్తే తప్పు షాపుది, ఓనర్‌ది కాదు. అదే సెన్సర్ షాపుకి రాకముందే పోయి ఉంటే, ఆ చక్రానికి మామూలు రబ్బరు వాల్వ్ వేసి పంపినా తప్పు కాదని అక్కడి భద్రతా సంస్థే వివరణ ఇచ్చింది, కాకపోతే మిగతా సిస్టమ్ ముట్టుకోకూడదు. అంటే మొత్తం "ముందే పోయిందా, వాళ్లు పోగొట్టారా" అన్న దగ్గర ఉంది. అందుకే కారు షాపులో పెట్టే ముందు ఒకసారి స్టార్ట్ చేసి ఫోన్‌లో వీడియో తీసుకోండి. చాలా కార్లలో సిస్టమ్‌లోనే లోపం ఉంటే లైట్ ఒక నిమిషం, నిమిషంన్నర మిణుకుమిణుకుమని తర్వాత నిలిచిపోతుంది, గాలి తక్కువైతే మాత్రం మొదట్నుంచీ నిలకడగా వెలుగుతుంది. ఆ మిణుకు వీడియోలో పడిందంటే మీకూ షాపుకీ ఇద్దరికీ సాక్ష్యమే.

ఇక వారంటీ బెదిరింపు. నా దగ్గరికి ఇలాంటి కేసులు వచ్చినప్పుడు నేను అడిగేది ఒకటే, ఆ మాట కాగితం మీద రాసిస్తారా అని. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ సెన్సర్ చక్రం లోపల వాల్వ్‌కి తగిలించి ఉండే చిన్న రేడియో, దాని బ్యాటరీ దానిదే, కారు నడిపే పెద్ద బ్యాటరీకి దానికీ ఒక్క వైరు సంబంధం కూడా లేదు, అలాంటప్పుడు దీని వల్ల అది పాడైందని చూపించడం కంపెనీకి మామూలు విషయం కాదు. అమెరికాలో 1975 వారంటీ చట్టం ఫలానా బ్రాండ్ పార్టే వాడాలని షరతు పెట్టనివ్వదు. ఇండియాలో అయితే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద అనుచిత వ్యాపార పద్ధతి అని కమిషన్‌కి వెళ్లొచ్చు, కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్ల లోపు. కాకపోతే బయట వేసినవాడు రిమ్ము గీకేసినా వాల్వ్ దగ్గర గాలి లీకైనా దానికి కంపెనీ బాధ్యత ఉండదు, అది బయటవాడి మీదే.

నాలుగూ మార్చమనడం మోసమా అంటే, నేనైతే మోసం అనను. లోపలి బ్యాటరీ సీల్ చేసి ఉంటుంది, విడిగా మార్చలేం, ఆయుష్షు సుమారు 5 నుంచి 10 ఏళ్లు, నాలుగూ ఒకే రోజు పుట్టినవి కాబట్టి రెండు పోయాయంటే మిగతా రెండూ దారిలో ఉన్నట్టే, ప్రతిసారీ టైర్ ఊడదీసే కూలి మళ్లీ మళ్లీ కట్టాలి. సలహాగా చెప్తే మంచిదే, "మార్చాల్సిందే" అంటే మాత్రం అలా చెప్పే చట్టమేం లేదు.

ఎక్కడ చేయించినా బిల్లులో పార్ట్ నంబరు, రేడియో ఫ్రీక్వెన్సీ (315 మెగాహెర్ట్జా, 433 మెగాహెర్ట్జా, మీ కారుకి ఏది పడుతుందో అది), కొత్త సెన్సర్ల ఐడీలు, వాటిని కారుకి నేర్పించే పని పూర్తయిందన్న మాట రాయించుకోండి, పాతవి తిరిగి అడగండి. సెన్సర్ బిగించి కారుకి పరిచయం చెయ్యకుండా పంపితే లైట్ అలాగే ఉంటుంది, అది సేవలో లోపమే, డబ్బు వాపసు అడగొచ్చు. జాబ్ కార్డులో ఉత్త "టైర్ వర్క్" అని ఉంటే మాత్రం నాలాంటి లాయర్ కూడా పెద్దగా ఏం చెయ్యలేడు.

లైట్‌తో నడిపితే నేరమా అని మీరు అడగలేదు కానీ అడుగుతారు. బ్రిటన్‌లో 2012 జనవరి 1 నుంచి రోడ్డెక్కిన కార్లకి ఈ టైర్ ప్రెషర్ సిస్టమ్ పనిచెయ్యకపోతే ఏటా చేసే ఎంఓటీ పరీక్షలో ఫెయిల్. యూరప్‌లో 2014 నవంబర్ నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకీ ఇది తప్పనిసరి. ఇండియాలో 2020 సవరణ ఈ సిస్టమ్, పంక్చర్ కిట్ ఉన్న కార్లకి స్టెప్నీ లేకపోయినా పర్లేదంది, కాబట్టి మీ కారులో స్టెప్నీ లేకపోతే ఇది అలంకారం కాదు. ఇన్సూరెన్స్ వాళ్లు లైట్ వెలిగిందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టెయ్యాలంటే కష్టం, గాలి తక్కువై టైర్ పేలి, అది మీకు ముందే తెలుసని తేలితే మాత్రం వాదన మొదలవుతుంది.

మార్చకుండానే అమ్మేద్దాం అనుకుంటే అమ్మకం కాగితంలో "రెండు టైర్ల ప్రెషర్ సెన్సర్లు పనిచెయ్యట్లేదు" అని ఒక్క లైను రాసి కొనేవాళ్లతో సంతకం పెట్టించుకోండి.