అమ్మలూ, పిల్లల పక్కన పెద్ద వాద్యగాళ్లని కూర్చోబెట్టే ముందు

అమ్మలూ,

మీ స్కూల్ యానివర్సరీకి ఈసారి పిల్లలతో జాజ్ వాయిపిస్తాం, వైజాగ్ నుంచి సాక్సోఫోన్, బాస్ గిటార్, డ్రమ్స్ వాళ్లని పిలుస్తున్నాం అన్నావు కదా, విన్న దగ్గర్నుంచీ నాకు అదే ధ్యాస. అమలాపురం పిల్లలు అలాంటివాళ్ల పక్కన స్టేజీ ఎక్కడం మాటలా! తోచింది తోచినట్టు రాసేస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు వచ్చేవాళ్లతో ఒక మాట తేల్చుకో, ఇది వాళ్ల కచేరీ కాదు పిల్లల కచేరీ, వాళ్లది పక్కవాద్యం. మృదంగం ఆయన పాడేవాళ్లని కనిపెట్టుకుని ఉన్నట్టు వాళ్లు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలి. పిల్లాడు లెక్క తప్పితే బాస్ ఆయన ఒకటో దెబ్బ గట్టిగా చూపించి దార్లోకి తెచ్చెయ్యాలి, జనానికి తెలియకూడదు. ఎంత పేరున్నవాళ్లైనా సరే, పక్కవాళ్లది వినే అలవాటు లేకపోతే వద్దనే చెప్తా.

పాట ఎక్కువ వెతక్కు, పన్నెండు బార్ల బ్లూస్ (జాజ్‌కి మూలమైన పాట పద్ధతి) ఒక్కటి చాలు. బార్ అంటే తాళంలో ఒక ఆవర్తనం లాంటిది, బార్‌కి నాలుగు దెబ్బలు. కార్డు అంటే ఒకేసారి మోగించే స్వరాల గుత్తి, స్కేల్లో ఎన్నో స్వరం మీద కడితే అన్నో కార్డు. ఒకటో కార్డు నాలుగు బార్లు, నాలుగోది రెండు, మళ్లీ ఒకటోది రెండు, ఐదోది ఒకటి, నాలుగోది ఒకటి, చివర రెండూ ఒకటోది, అంతే, మళ్లీ మొదటికి. శ్రుతి బి ఫ్లాట్‌లో పెట్టు. క్లారినెట్, ట్రంపెట్ పిల్లలకి ఆ వాయిద్యాల శ్రుతిని బట్టి అది సి లాగా వేళ్ల కిందకి వచ్చేస్తుంది, ఆల్టో సాక్సోఫోన్ పిల్ల ఉంటే తనకి మాత్రం జి లో వేరే కాగితం రాసివ్వు, ఇది మర్చిపోతే మొదటి రిహార్సల్ అంతా గోలగోల అయిపోద్ది. వయొలిన్ పిల్లలకి ఆరున్నర శ్రుతి అని చెప్పు చాలు.

ఇంక సోలో. పిల్లలు భయపడేది ఇక్కడే, అప్పటికప్పుడు కల్పించి వాయించాలి అనేసరికి బిగుసుకుపోతారు. వాళ్లకి శుద్ధ ధన్యాసి రాగం వచ్చు కదా, స గ మ ప ని, బ్లూస్‌లో వాడే అయిదు స్వరాలూ సరిగ్గా అవే. మొదటి వారం స గ మ మూడే ఇవ్వు, ఆ మూడింటితోనే నాలుగు బార్లు నింపమను, నింపడం అంటే ఊపిరాడకుండా వాయించడం కాదు, రెండు బార్లు ఖాళీ వదిలినా పర్లేదు అని ముందే చెప్పు, ఆ మాట వింటేనే సగం భయం పోద్ది. వాయిద్యం పట్టుకోకముందు నోటితో పాడించు. తర్వాత సాక్సోఫోన్ ఆయన నాలుగు బార్లు వాయిస్తే పిల్ల నాలుగు బార్లు జవాబివ్వాలి, జాజ్ వాళ్లు ఇది రోజూ చేసేదే. ఆయన చివర వదిలిన ముక్కతోనే పిల్ల మొదలెడితే చాలు, అక్కడికక్కడ ఇద్దరూ మాట్లాడుకున్నట్టే ఉంటుంది.

నడకకి తిశ్రం, అంటే దెబ్బకి మూడు ముక్కల లెక్క, పట్టుకో, తకిటలో మొదటి రెండూ కలిపి సాగదీసి మూడోది పొట్టిగా వదిలితే స్వింగ్, అంటే జాజ్ ఊపు, దాదాపు వచ్చేసినట్టే. చప్పట్లు మాత్రం రెండు, నాలుగు దెబ్బల మీద. భజనలో ఒకటో దెబ్బకి అలవాటైన చేతులు కదా, రోజూ పది నిమిషాలు ఇదొక్కటే చేయించు.

ఇంకో సంగతి. మీ ఎనిమిదో క్లాసు కుర్రాడి నాన్న పెళ్లి బ్యాండులో క్లారినెట్ అన్నావు. ఆయన్నీ పిలువమ్మా. ఆ వాయిద్యం మీదే బతుకుతున్న మనిషి ప్రొఫెషనల్ కాకపోతే ఇంకెవరు? జాజ్ పుట్టిన అమెరికా ఊరు న్యూ ఆర్లీన్స్‌లోనూ ఊరేగింపుల్లో, శవయాత్రల్లో వాయించే బ్యాండుల నుంచే ఎంతో మంది వచ్చారు, జాజ్‌లో అంత పేరున్న లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1913లో కుర్రాళ్ల సంస్కరణ గృహంలో ఉండగా అక్కడి బ్యాండులోనే కార్నెట్ (ట్రంపెట్ లాంటి బూర) పట్టాడు. వైజాగ్ వాళ్లకి ఏ కుర్చీ వేస్తే ఈయనకీ అదే కుర్చీ, మైకులో పేరు చివర గారు అని చదివించు, డబ్బులూ తక్కువ చెయ్యకు. కొడుకు పక్కన నిలబడి వాయిస్తుంటే ఆ పిల్లాడి మొహం చూద్దువుగాని.

వాళ్లని ముందురోజే రప్పించు. రాజమండ్రిలో రైలు దిగి రావులపాలెం మీదుగా కారులో రావాలి, అదే రోజు వస్తాం అంటే ఒప్పుకోకు, పిల్లలతో కలిపి కనీసం రెండు పూటలు రిహార్సల్ పడాల్సిందే. సంక్రాంతి దగ్గర తేదీ పెట్టకు, ప్రభల తీర్థానికి ఊరూరా మేళాలు బుక్ అయిపోయి ఉంటాయి. సౌండ్ సిస్టం కుర్రాళ్లకి ఎకో పూర్తిగా తీసెయ్యమని గట్టిగా చెప్పు, ఒక మానిటర్ బాక్సు (స్టేజీ మీదవాళ్లకి వినిపించే స్పీకరు) పిల్లల వైపు తిప్పించు, బాస్ వినపడకపోతే లెక్క పోద్ది.

మ్యూజిక్ ఐటమ్ స్పీచులకి ముందే పెట్టించు, హెడ్మాస్టర్ గారితో పోట్లాడైనా సరే. ముఖ్య అతిథులు మాట్లాడి దిగేసరికి మంచు పడుద్ది, చలికి ఊదే వాయిద్యాల శ్రుతి దిగిపోద్ది, పిల్లలు నిద్రకి తూగుతారు. ఎక్కే ముందు పది నిమిషాలు ఊదించి, వాయిద్యం వేడెక్కాకే శ్రుతి చూడు.

కచేరీ అవ్వగానే అందరికీ డబ్బులు ఆ రాత్రే చేతిలో పెట్టెయ్, రేపు రండి అనొద్దు. తేదీ ఖాయం అయ్యాక ఫోన్ చెయ్, నా దగ్గర క్లారినెట్ రీడ్లు కొత్తవి ఉన్నాయి, పంపిస్తా.

మీ మావయ్య