వాల్వ్ మూసినా నీళ్ళు తగ్గలేదంటే

అల్లుడూ,

నీ మెయిల్ చూశాను. కంప్యూటర్‌లో నీటి ప్రవాహం లెక్కగట్టే మోడల్లో వాల్వ్ సగం మూసినా ప్రవాహం తగ్గట్లేదు, సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉందేమో అని రాశావు. బగ్ లేదురా. ఇన్‌లెట్ (మోడల్లోకి నీరు వచ్చే చివర) దగ్గర సెకనుకు 2 మీటర్ల వేగం అని నువ్వే ఖాయం చేశావు. అంత నీరు తొయ్యమన్నాక అది తోస్తుంది. సందు చాలకపోతే ప్రెజర్ పెంచి మరీ తోస్తుంది. ఇన్‌లెట్ ప్రెజర్ ఎంతకు ఎగబాకిందో ఒకసారి చూడు, నీకే నవ్వొస్తుంది.

మన కూకట్‌పల్లి ఇంట్లో కుళాయి సంగతి చూడు. డాబా మీది ట్యాంకులో నీటి మట్టం కింది కుళాయికి 10 మీటర్ల ఎత్తున ఉందనుకో. కుళాయి మూసి ఉన్నప్పుడు అక్కడ ఒత్తిడి సుమారు 1 బార్. అంతవరకు మనకు తెలుసు. నీళ్ళు ఎంత వేగంగా వస్తాయన్నది మాత్రం నువ్వు ఎంత తిప్పావన్న దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ట్యాంకు వైపు టోటల్ ప్రెజర్ (నీటి ఒత్తిడి, దాని వేగం వల్ల వచ్చే ఒత్తిడి కలిపి) ఇవ్వు, కుళాయి మూతి దగ్గర గేజ్ ప్రెజర్ (బయటి గాలి ఒత్తిడి కంటే ఎంత ఎక్కువో అది) సున్నా పెట్టు. మధ్య పైపు నీ మోడల్లో లేకపోతే దాని రాపిడి నష్టం ముందే తీసెయ్యి. వేగం లెక్కలోంచి రావాలి, నువ్వు వెతికేదే అది కదా!

పిస్టన్ డోసింగ్ పంపు అయితే వేరే కథ. ముందు అడ్డం ఎంత ఉన్నా అది ఇంచుమించు అంతే పోస్తుంది, అక్కడ మాస్ ఫ్లో (సెకనుకు ఎన్ని కిలోల నీరో) ఇవ్వడమే సబబు. మామూలు సెంట్రిఫ్యూగల్ మోటారు ఈ రెండింటికీ మధ్యరకం, దానికి పంపు కర్వ్ (ఎంత ఒత్తిడికి ఎంత నీరు పోస్తుందో చూపే గీత) కావాలి. రెండు చివరలా వేగం మాత్రం ఇవ్వకు. నీరు కుదించుకుపోదు, లోపలికి వచ్చినదానికీ బయటికి పోయినదానికీ పిసరంత తేడా ఉన్నా లెక్క కుదరదు.

అవుట్‌లెట్ ఎక్కడ పెట్టాలో నాకు అవమానం జరిగాకే తెలిసింది. పాతికేళ్ళ కిందట బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీకి ఎల్బో (వంపు పైపు) లెక్క చేశాను. మెష్ (లెక్క కోసం పైపును చిన్న గళ్ళుగా విడగొట్టే వల) తగ్గుతుంది కదా అని వంపు దాటగానే పైపు కోసేశాను. ‘రివర్స్ ఫ్లో’ అని ప్రతి ఇటరేషన్‌కీ (లెక్క మళ్ళీ తిరిగిన ప్రతిసారీ) హెచ్చరిక. అదే సర్దుకుంటుందిలే అని ఇరానీ చాయ్ తాగి వచ్చాను. రెసిడ్యువల్స్ (లెక్కలో ఇంకా మిగిలిన తేడాలు) బుద్ధిగా దిగాయి, రిపోర్టు ఇచ్చేశాను. వాళ్ళు గేజ్ పెట్టి కొలిస్తే నా అంకెకీ దానికీ పొంతనే లేదు. వంపు లోపలి గోడ దగ్గర విడిపోయిన ప్రవాహం ఇంకా సుళ్ళు తిరుగుతుండగానే నేను అవుట్‌లెట్ తలుపు పెట్టాను. దాంట్లోంచి, ఎక్కడా లేని నీరు లోపలికి వస్తోంది. పైపును 10 వ్యాసాలు సాగదీస్తే హెచ్చరిక పోయింది, అంకె మారింది. ఇంకో 10 సాగదీస్తే మారలేదు, అక్కడ ఆపాను. నువ్వూ అలాగే అవుట్‌లెట్ హద్దును జరిపి చూడు.

సిమెట్రీతో (రెండు పక్కలూ ఒకేలా ఉన్నాయని సగమే లెక్కించడంతో) జాగ్రత్త. మెష్ సగమవుతుందని మెట్రో పిల్లర్ మీది గాలికి సగం బొమ్మే గీస్తే చిక్కే. గుండ్రటి స్తంభం వెనక రెనాల్డ్స్ సంఖ్య (వేగం, స్తంభం మందం, గాలి జిగట కలిపి తేల్చే అంకె) 47 దాటగానే సుడులు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి ఊడిపోతుంటాయి. నడుమ గీత గీశావా, అవి పుట్టనే పుట్టవు. గోడలకు నో-స్లిప్ (గోడను తాకే నీరు కదలదన్న షరతు) సంగతి నీకు తెలిసిందే.

ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో. డాబా ఎక్కి ట్యాంకు మట్టం టేపుతో కొలుద్దాం. కింద బకెట్ పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్లో చూద్దాం. కుళాయి సగం మూసి కూడా.

మీ మావయ్య