ముగ్గురికీ మూడు బడులు అక్కర్లేదు

ప్రశ్న: మాకు ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి 11 ఏళ్లు, నడిపివాడికి 8, చిన్నదానికి 5. రెండేళ్ల కిందట బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. ముగ్గురివీ మూడు దారులు. పెద్దది ఎప్పుడు చూసినా కథల పుస్తకాలు, లేదంటే బొమ్మలేయడం. లెక్కల పుస్తకం తీస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. నడిపివాడు చేతికందిన వస్తువునల్లా విప్పి మళ్లీ బిగిస్తాడు, చదవమంటే రెండు వాక్యాలకే లేచిపోతాడు. చిన్నది వాళ్లిద్దరి వెనకే తిరుగుతుంది. ఎవరు ఎలా నేర్చుకుంటారో తెలుసుకుందామని ఆన్‌లైన్‌లో ఒక టెస్ట్ చేయించాను. పెద్దది చూసి నేర్చుకునే రకమనీ, వాడు చేసి నేర్చుకునే రకమనీ, చిన్నది విని నేర్చుకునే రకమనీ వచ్చింది. అప్పటి నుంచి ప్రతి పాఠాన్నీ మూడు రకాలుగా తయారుచేస్తున్నాను. పడుకునేసరికి అర్ధరాత్రి దాటుతోంది. మొన్న వాణ్ని చదవమంటే, ‘నేను చేతులతో నేర్చుకునే రకం కదమ్మా, చదవడం నాకు రాదు’ అన్నాడు. పెద్దది ‘నీకు వాడంటేనే ఇష్టం’ అని అలిగింది. మావారు ‘ఇంత అవస్థ ఎందుకు, మళ్లీ బళ్లో వేసేద్దాం’ అంటున్నారు. నేను ఓడిపోయినట్టేనా? ముగ్గురికీ న్యాయం చేసే దారేదైనా ఉందా?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది మీ అబ్బాయి అన్న మాట. 8 ఏళ్ల పిల్లాడు ‘చదవడం నాకు రాదు’ అని తన మీద తానే తీర్పు చెప్పేసుకున్నాడు, సాక్ష్యంగా ఆ టెస్ట్‌ని చూపించాడు. అందుకే ముందు ఆ టెస్ట్ సంగతి తేల్చేద్దాం. అది తేలితే మీ రాత్రుళ్లు కూడా మీకు దక్కుతాయి.

మనుషుల్లో చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చదివి రాసి నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని నాలుగు రకాలు చెప్పే ‘వార్క్’ పద్ధతిని న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ 1992లో ముందుకు తెచ్చారు. మీరు చేయించిన టెస్ట్ కూడా ఆ కోవలోదే. వినడానికి సబబుగా ఉంటుంది కాబట్టే టీచర్లూ తల్లిదండ్రులూ నమ్మారు, మీరూ నమ్మారు. అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. కానీ అది నిజం కావాలంటే ఒకటి రుజువు కావాలి. ‘చూసే రకం’ పిల్లలు బొమ్మలతో చెప్పినప్పుడూ, ‘వినే రకం’ పిల్లలు మాటలతో చెప్పినప్పుడూ ఎక్కువ నేర్చుకోవాలి, అటుదిటు చేస్తే ఇద్దరూ వెనకబడాలి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని ఈ దృష్టితో పరిశీలించారు. అంత పకడ్బందీగా పరీక్షించిన అధ్యయనాలే అరుదుగా కనిపించాయి, వాటిలోనూ కొన్ని పూర్తిగా ఎదురు ఫలితాలిచ్చాయి. రకాన్ని బట్టి పాఠం చెప్పాలనడానికి తగిన ఆధారం లేదని వాళ్లు తేల్చారు. తెలివి ఒక్కటి కాదు, చాలా రకాలుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త హోవార్డ్ గార్డ్‌నర్ 1983లో చెప్పిన బహుళ ప్రజ్ఞల సిద్ధాంతాన్ని కూడా చాలామంది దీంతో కలిపేస్తుంటారు. ఆ రెండూ ఒకటి కావని గార్డ్‌నరే స్పష్టం చేశారు.

ఏ విషయాన్ని ఎలా చెప్పాలన్నది పిల్లల రకాన్ని బట్టి కన్నా ఆ విషయాన్ని బట్టే ఉంటుంది. పటం చూడాల్సిందే. పద్యం వినాల్సిందే. కప్పీ ఎలా పనిచేస్తుందో తాడు లాగితేనే తెలుస్తుంది. ఇది మీ ముగ్గురికీ వర్తిస్తుంది. కాబట్టి ఒక పాఠానికి మూడు వేషాలు వేయించే పని ఈ రోజుతో ఆపేయండి.

అలాగని మీ పిల్లలు ముగ్గురూ ఒకటేనని అనడం లేదు. వాళ్ల మధ్య తేడాలు చాలా ఉన్నాయి, అవి నిజమైనవి. ఎవరికి ఇప్పటికే ఎంత వచ్చు, ఎవరికి ఎంతసేపు కుదురు నిలుస్తుంది, ఎవరికి దేని మీద మనసు అన్నవి ఆ తేడాలు. ముగ్గురూ ఎక్కుతున్నది ఒకే నిచ్చెన, నిలబడ్డ మెట్లు వేరు. మీరు కనిపెట్టాల్సింది ఆ మెట్టు ఏదన్నది.

ఇప్పుడు రోజు నడిచే తీరు చూద్దాం. సబ్జెక్టుల్ని రెండు వాటాలుగా విడదీయండి. చరిత్ర, సైన్సు, కథలు, ప్రపంచం గురించి తెలుసుకునేవన్నీ ముగ్గుర్నీ కూర్చోబెట్టి ఒకేసారి చెప్పండి. మారియా మాంటిస్సోరీ 1907లో రోమ్‌లో మొదటి బాలల గృహం తెరిచినప్పటి నుంచీ ఆ పద్ధతి బడుల్లో వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో నేర్చుకుంటూనే ఉన్నారు. అగ్నిపర్వతాల గురించి మీరొక అరగంట గట్టిగా చదివి వినిపించారనుకోండి. పెద్దది దాని మీద ఒక పేజీ రాస్తుంది, నడిపివాడు నమూనా చేసి ఏ భాగం ఏమిటో నోటితో వివరిస్తాడు, చిన్నది బొమ్మేసి తనకు గుర్తున్నది చెబుతుంది. మీరు తయారయ్యేది ఒక్కసారే. పిల్లలు తిరిగి ఇచ్చేది మాత్రం ఎవరి మెట్టుకు తగ్గట్టు వారిది. వారానికొకసారి ఆ పనులు అటూఇటూ మార్చండి. పెద్దమ్మాయి కూడా చేత్తో చేయాలి, అబ్బాయి కూడా నాలుగు వాక్యాలు రాయాలి. ఏ పనీ ఒకరికే రాసిపెట్టినట్టు ఉండకూడదు.

చదవడం, రాయడం, లెక్కలు రెండో వాటా. ఇవి ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పోయేవి కాబట్టి ఒక్కొక్కరితో విడిగా కూర్చోక తప్పదు. అయితే తరగతి గదిలా గంటలు గంటలు అక్కర్లేదు. ఒక్క పిల్లతో ఎదురెదురుగా కూర్చుంటే వృథా అయ్యే సమయమే ఉండదు. చిన్నదానికి మొత్తం మీద 20 నిమిషాలు చాలు. నడిపివాడికి 15 నిమిషాల చొప్పున మూడు దఫాలు, మధ్యలో లేచి తిరగనివ్వండి. పెద్దదానికి ఒక గంట. చిన్నపిల్లల పాఠాలు 20 నిమిషాలు దాటకూడదని బ్రిటన్‌లో విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842–1923) వందేళ్ల కిందటే నియమం పెట్టుకున్నారు. చదివింది పిల్లలు తమ మాటల్లో తిరిగి చెప్పడం కూడా ఆవిడ పద్ధతిలో ముఖ్యమైన భాగం. తర్వాతి కాలపు ప్రయోగాలు దానికి బలమిచ్చాయి. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగంలో కొందరు విద్యార్థుల చేత ఒక వ్యాసాన్ని మళ్లీ మళ్లీ చదివించారు. ఇంకొందరి చేత చదివించి, పుస్తకం మూసి గుర్తున్నది రాయించారు. 5 నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. కాబట్టి మీరు రాత్రుళ్లు రంగు కాగితాలు కత్తిరించే బదులు, ఏ పాఠమైనా అయ్యాక ‘ఇప్పుడు నాకు చెప్పు’ అని అడగండి. దానికి తయారీ ఏమీ అక్కర్లేదు.

ఇక అబ్బాయి. వాడి చేతుల్లో ఉన్న నేర్పు గొప్పదే, దాన్ని కాపాడండి. కానీ 8 ఏళ్లు వచ్చి, మీరు రెండేళ్లుగా దగ్గర కూర్చుని చెబుతున్నా రెండు వాక్యాలు చదవడానికి అవస్థ పడుతున్నాడంటే, ‘వాడి రకం అంతే’ అని ఊరుకోవడం ప్రమాదం. పారిపోయే పిల్లలు బద్ధకంతోనే పారిపోరు, చాలాసార్లు కష్టమై పారిపోతారు. ఒక వారం గమనించండి. మొదటి అక్షరం చూసి పదాన్ని ఊహించేస్తున్నాడా? చిన్న చిన్న పదాలు వదిలేస్తున్నాడా? నిన్న చదివిన పదమే ఈ రోజు కొత్తగా కనిపిస్తోందా? ఒక పదంలోని శబ్దాల్ని విడదీసి పలకమంటే తడబడుతున్నాడా? మీరు చదివి వినిపిస్తే మాత్రం చక్కగా అర్థం చేసుకుని తెలివైన ప్రశ్నలు వేస్తున్నాడా? వీటిలో ఎక్కువ వాటికి అవునని అనిపిస్తే డిస్లెక్సియా ఉందేమో చూపించాలి. అది తెలివికి సంబంధించిన లోపం కాదు, పదాల్లోని శబ్దాల్ని పట్టుకుని అక్షరాలతో జతపరచడంలో ఎదురయ్యే ఇబ్బంది. అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధాన్ని ఒక క్రమంలో, రోజూ కాస్త కాస్తగా, వదలకుండా నేర్పితే ఫలితం ఉంటుంది. ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు. ముందు కంటిచూపు, వినికిడి ఒకసారి పరీక్ష చేయించండి, ఆ తర్వాత అభ్యసన ఇబ్బందుల్ని అంచనా వేసే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. ఆ వయసుకు రావాల్సినవన్నీ సరిగ్గానే ఉన్నాయని వాళ్లు చెబితే మీ గుండె మీది బరువు దిగుతుంది. ఇబ్బంది ఉందని చెబితే ఏం చేయాలో తెలుస్తుంది.

ఈలోగా వాడితో ఒక మాట మాట్లాడాలి, అదీ ఇద్దరే ఉన్నప్పుడు. ‘కన్నా, ఆ టెస్ట్ చెప్పింది సరికాదని తెలిసింది. చేతులతో నేర్చుకునేవాళ్లకు చదవడం రాదన్నది అబద్ధం. నీకు చదవడం కష్టంగా ఉందని నాకు తెలుసు. ఎందుకు కష్టమో కనుక్కుందాం, ఇద్దరం కలిసి నేర్చుకుందాం’ అనండి. తప్పించుకోవడానికి సాకు చెప్పావని మాత్రం అనకండి. ఆ సాకు వాడు పుట్టించింది కాదు.

పిల్లల ఇష్టాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో చదివించే తల్లిదండ్రులు చాలామంది ఇక్కడే తొందరపడతారు. పిల్ల బొమ్మలేస్తోందంటే చాలు, దాంట్లో కొలతల పాఠం, రంగుల చరిత్ర, చివర ఒక బహుమతి అన్నీ దూర్చేస్తారు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలేయడమంటే ముందే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందుగా చెప్పి వేయించారు. కొన్ని రోజుల తర్వాత ఎవరూ ఏమీ అడగకుండా వదిలేస్తే, బహుమతి మాట ఎత్తని పిల్లలతో పోలిస్తే వీళ్లు దాదాపు సగం సమయమే బొమ్మలతో గడిపారు. అప్పటిదాకా ఆటగా ఉన్నది పనిగా మారిపోయింది. కాబట్టి పెద్దమ్మాయి బొమ్మలూ, అబ్బాయి స్క్రూడ్రైవరూ రోజులో కొంత సేపు పాఠం కాకుండా, మార్కు లేకుండా, మీ సలహా లేకుండా వాళ్లకే వదిలేయండి. వాళ్లే వచ్చి అడిగితే అప్పుడు తలుపు తెరవండి. ‘ఈ బొమ్మ పెద్దది చేయాలంటే ఎలా?’ అని ఆ పిల్ల అడిగిన రోజున నిష్పత్తి పాఠం దానంతటదే మొదలవుతుంది.

కానీ ఆమె లెక్కల్ని ఆ రోజు దాకా వాయిదా వేయకూడదు. ఇష్టం లేదన్న కారణంతో లెక్కలు వదిలేస్తే రేపు ఆమెకు ఎన్నో దారులు మూసుకుపోతాయి. 11 ఏళ్లకు కన్నీళ్లు వస్తున్నాయంటే వెనకెక్కడో ఒక మెట్టు జారి ఉంటుంది. చాలామంది పిల్లలకు అది ఎక్కాల దగ్గరో, భాగహారం దగ్గరో, భిన్నాల దగ్గరో జారుతుంది. తరగతి సంగతి పక్కన పెట్టి, ఎక్కడిదాకా తడబాటు లేకుండా చేయగలుగుతోందో అక్కడికి వెళ్లి మొదలుపెట్టండి. భిన్నాలైతే కాగితం పట్టీలు మడిచి, సంఖ్యారేఖ గీసి చూపించండి. వారంలో రెండు రోజులు పాత లెక్కలూ కొత్త లెక్కలూ కలిపి ఇవ్వండి, ఏ పద్ధతి వాడాలో తనే తేల్చుకోవడం అలవాటవుతుంది. ఈ లెక్కల పాఠం మీవారికి అప్పగించండి. ఆయన ‘బళ్లో వేసేద్దాం’ అంటున్నది పిల్లల మీద పట్టనితనంతో కాకపోవచ్చు, మీరు నలిగిపోతుంటే చూడలేక అంటున్నట్టుంది. బయట నిలబడి చూసేవాళ్లకు అవస్థ ఒక్కటే కనిపిస్తుంది. రోజూ ఒక పిల్లతో అరగంట కూర్చుంటే ఆయనకు చదువు కూడా కనిపిస్తుంది. మీకూ ఆ వేళ ఊపిరి తీసుకునే వీలుంటుంది, అది మీ హక్కు.

పెద్దమ్మాయి అలకను తేలిగ్గా తీసుకోకండి. ఆమె చెబుతున్నది నిజమే, వాడికి మీ సమయం ఎక్కువ వెళుతోంది, ఇంకొన్నాళ్లు వెళుతుంది కూడా. ఆ మాట దాచకుండా చెప్పండి. 11 ఏళ్ల పిల్ల కారణం చెబితే అర్థం చేసుకుంటుంది, కారణం దాస్తే ప్రేమ తగ్గిందనుకుంటుంది. వారంలో ఒక పూట ఆమెకే కేటాయించండి, తను చదువుతున్న కథే మీరూ చదివి దాని గురించి మాట్లాడుకోండి. తమ్ముడికి, చెల్లికి చెప్పడంలో ఆమె సాయం తీసుకోవచ్చు, చెప్పేవాళ్లకూ విషయం గట్టిపడుతుంది. అయితే తను అడిగినప్పుడు మాత్రమే. ఇంటి రెండో టీచరుగా ఆమెను మార్చేయకండి. చిన్నదాని గురించి నాకు బెంగేమీ లేదు. ఆ వయసులో ఆడుకుంటూ, వింటూ, అక్కనూ అన్ననూ చూస్తూ చాలా నేర్చుకుంటుంది.

మీరు ఓడిపోలేదు. తెల్లారేసరికి ముగ్గురికి మూడు పాఠాలు సిద్ధం చేయగలిగిన తల్లికి ఓపికా ప్రేమా తక్కువని ఎవరూ అనలేరు, ఆ ఓపిక ఇన్నాళ్లూ అవసరం లేని చోట ఖర్చయింది. బడి విషయం కూడా గెలుపోటముల లెక్క కాదు. ముగ్గురికీ ఒకే నిర్ణయం ఉండాలన్న నియమమూ లేదు. కొత్త పద్ధతిలో మూడు నెలలు నడిపి, మీరిద్దరూ కూర్చుని ఒక్కొక్కరి గురించి విడిగా ఆలోచించండి. అబ్బాయికి ప్రత్యేకంగా చదవడం నేర్పే టీచరు ఏదైనా బళ్లో దొరికితే వాడు అక్కడికి వెళ్లవచ్చు, ఆడపిల్లలు ఇంట్లోనే కొనసాగవచ్చు. మీరున్న చోట ఇంటి చదువుకు ఏ నియమాలున్నాయో, ఏటా ఏం చూపించాలో కూడా అప్పుడే మరోసారి సరిచూసుకోండి.

ఈ వారం మాత్రం ఒక్క పని చేయండి. అబ్బాయి చదువుతున్నప్పుడు రోజూ రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేయండి, ఎందుకు చేస్తున్నారో వాడికి చెప్పే చేయండి. తడబడ్డ పదాల్ని ఒక కాగితం మీద రాసుకోండి. మాటలు ఎప్పుడొచ్చాయి, మీ రెండు వైపులా చదువులో ఇలా ఇబ్బంది పడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నవి కూడా దాని మీదే రాయండి. నిపుణుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రికార్డింగులూ ఆ కాగితమూ వెంట తీసుకెళ్లండి. వాళ్లు మొదట అడిగేవి అవే.