సీసాలో బాక్టీరియా, చదరంగం గళ్లలో గింజలు: ఆ వ్యాసం నాకెలా దొరికిందంటే

ఎప్పుడో చదివిన ఒక వ్యాసం ఏమిటో చెప్పమని అడిగారు. మీకు గుర్తున్నవి మూడు ముక్కలు. సీసాలో బాక్టీరియా నిమిషానికోసారి రెట్టింపవుతుంటుంది, చదరంగం గళ్లలో గింజలు పోస్తూ పోతారు, చివర్లో చమురు గురించి ఏదో ఉంటుంది. బరంపురంలో డిగ్రీ చదివేటప్పుడు ఎవరో ఇచ్చిన జిరాక్స్‌లో చూశారు. రెండు వేర్వేరు వ్యాసాలను కలిపేసుకున్నానేమో అని మీ అనుమానం.

కలిపేసుకోలేదు. అన్నీ ఒకదాంట్లోనే ఉన్నాయి. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం ఫిజిక్స్ ప్రొఫెసర్ ఆల్బర్ట్ బార్ట్‌లెట్ రాసిన ‘ఫర్‌గాటెన్ ఫండమెంటల్స్ ఆఫ్ ది ఎనర్జీ క్రైసిస్’ అది. 1978 సెప్టెంబరు ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్’లో వచ్చింది.

ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే కాగితం కోసం నేను ఏడాది పైనే వెతికాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసిన ఊరు కాబట్టి మాకు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సైన్సు పుస్తకాల దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషు. 1986లో మాకు ట్యూషన్ చెప్పే మాస్టారు ఒకరోజు పాఠం ఆపేసి, మా వీధి వెనకున్న చెరువు గట్టు మీదకి తీసుకెళ్లారు. చెరువులో ఒక మూల గుర్రపుడెక్క పెరుగుతోంది.

“ఇది రోజుకి రెట్టింపవుతాదనుకోండ్రా. ముప్పై రోజులకి చెరువంతా కప్పేసింది. సగం చెరువు ఎప్పుడు కప్పుంటాది?”

“పదిహేనో రోజు మాస్టారూ” అని అందరం ఒకేసారి అరిచాం. ఆయన ఏమీ అనలేదు. పుల్ల తీసుకుని గట్టు మట్టిలో గళ్లు గీసి, చివరి గడి నుంచి వెనక్కి లెక్కపెట్టించారు. ఇరవై తొమ్మిదో రోజు. అంటే ముందురోజు వరకూ సగం చెరువు ఖాళీగానే కనిపిస్తుందన్నమాట. (నిజం డెక్క రోజుకి రెట్టింపు కాదులెండి. కానీ నీళ్లు అనువుగా ఉంటే రెట్టింపవడానికి రెండు వారాలు కూడా పట్టదు.)

తర్వాత ఆయన నాలుగు పేజీల ఇంగ్లీషు జిరాక్స్ ఇచ్చారు. మొదటి పేజీ లేదు. ఆ నాలుగు పేజీలు ముప్పై ఏళ్లు మా అటక మీద ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పెంకులు లేచిపోయి, అటక మీదున్నవన్నీ తడిసి ముద్దయ్యాయి. అప్పుడు మొదలైంది నా వెతుకులాట.

మొదట ఇంటర్నెట్‌లో ‘ఎక్స్‌పొనెన్షియల్ గ్రోత్’ (ఇలా రెట్టింపు మీద రెట్టింపుగా పెరగడం) అని కొట్టాను. పాఠ్యపుస్తకాలు, స్టాక్ మార్కెట్ సలహాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. తర్వాత చెరువు పట్టుకుని వెళ్లాను. 1972 నాటి ‘లిమిట్స్ టు గ్రోత్’ అనే పుస్తకం తగిలింది. అందులో కలువ మొక్క పొడుపుకథ ఉంది, అదే ముప్పై రోజులు, అదే ఇరవై తొమ్మిది. దొరికేసిందనుకుని కొన్నాళ్లు ఊరుకున్నాను కూడా. కానీ అందులో సీసా లేదు.

చదరంగం పట్టుకుంటే అమెరికా ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ వ్యాసం వచ్చింది. ఆయన దగ్గరా బాక్టీరియా ఉంది గానీ అది సీసాలో ఉండదు. పావుగంటకోసారి రెట్టింపవుతూ ఒక్క రోజులో కొండంత, రెండు రోజుల్లో సూర్యుడి కన్నా ఎక్కువ బరువు తూగుతుంది. పైగా ఆ వ్యాసం ఉన్న పుస్తకం 1997లో వచ్చింది. నేను చదివింది 1986లో. సాగన్ కాదు.

చివరికి పట్టించింది సీసా కథలోని గడియారం. విషయం పేరుతో కాకుండా ‘పదకొండు యాభై తొమ్మిది, బాక్టీరియా, సీసా’ అని ఇంగ్లీషులో కొట్టాను. మొదటి పేజీలోనే బార్ట్‌లెట్ పేరు వచ్చింది. ఇంకో చిన్న ఆధారం కూడా కలిసింది. నా జిరాక్స్‌లో పేజీ అంకెలు ఎనిమిది వందల పైన ఉండేవి. వ్యాసాల పుస్తకం అంత లావుండదు. ఏడాది పొడవునా వరసగా అంకెలు వేసుకుంటూ పోయే జర్నల్ అయితేనే అలా ఉంటుంది. ఇది ముందే తట్టి ఉంటే సగం శ్రమ తప్పేది.

సీసా లెక్క మీకు పూర్తిగా గుర్తుందో లేదో. 11 గంటలకు ఒక్క బాక్టీరియా, 12కి సీసా నిండుతుంది. 11:59కి సగం. 11:55కి సీసాలో నిండింది 3 శాతమే. చుట్టూ ఇంత ఖాళీ పెట్టుకుని ‘మనకి చోటు చాలదు’ అని ఎవడైనా అంటే మిగతా బాక్టీరియా నమ్ముతుందా? సరే, ఎవరికో మెలకువొచ్చి వెతికితే ఇంకో మూడు ఖాళీ సీసాలు దొరుకుతాయి. అప్పటిదాకా ఉన్నదానికి మూడింతల చోటు. ఎంతసేపు సరిపోతుంది? రెండు నిమిషాలు. 12:02కి నాలుగూ నిండిపోతాయి.

చదరంగం అందులో ఎందుకుందో కూడా మళ్లీ చదివాకే నాకు అర్థమైంది. ఒక్కో గడిలో ముందు గడికి రెట్టింపు గింజలు పోస్తారు. 1, 2, 4, 8 కలిపితే 15, తర్వాతి గడిలో 16. ప్రతి గడిలోనూ అంతకు ముందున్న గళ్లన్నీ కలిపినదాని కన్నా ఒక గింజ ఎక్కువే. చమురు వాడకం ఏటా 7 శాతం పెరిగితే పదేళ్లకు రెట్టింపు. అలా పెరుగుతూ ఉంటే ఒక్కో పదేళ్లలో వాడేది అంతకు ముందు చరిత్రంతటిలో వాడినదాని కన్నా ఎక్కువ. మీరు ‘చమురు గురించి ఏదో’ అన్నది ఇదే.

70ని శాతంతో భాగిస్తే రెట్టింపయ్యే కాలం వస్తుందన్న కిటుకు కూడా అందులోదే. మాస్టారు దాన్ని మా ఊరి లెక్కలో చెప్పారు. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, వడ్డీని నెలనెలా అసల్లో కలుపుతూ పోతే దాదాపు 23 నెలలకు రెట్టింపు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి నాన్నగారి ప్రామిసరీ నోటు లెక్క వేశాను. చూపించే ధైర్యం మాత్రం చాలలేదు.

బార్ట్‌లెట్ ఇదే విషయం మీద 1969 నుంచి పదిహేడు వందల సార్లకు పైగా ఉపన్యాసమిచ్చారు. 2013లో పోయారు. ఉపన్యాసం వీడియో ‘అరిథ్మెటిక్, పాపులేషన్ అండ్ ఎనర్జీ’ అని కొడితే వస్తుంది. వ్యాసం కన్నా ముందు అది చూడండి, తేలిగ్గా ఉంటుంది.

ఇన్నాళ్లూ నన్ను తప్పుదారి పట్టించింది ఆ డెక్కే. అసలు వ్యాసంలో అది లేనే లేదు. మాస్టారు సీసా లెక్క పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో తెలుగులో ‘డెక్క’ అని రాసుకున్నారు. చూసి చూసి అది వ్యాసంలోదే అనుకున్నాను.

మీది బరంపురం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా మాస్టారు 1989లో బరంపురం వెళ్లిపోయారు, అక్కడా ట్యూషన్లు చెప్పారు. మీ జిరాక్స్ ఇంకా ఉంటే ఒకసారి చూడండి, సీసా పక్కన ఆ మాట కనిపిస్తోందా?